మింట్ మెడళ్లు అమ్మితే పాప ఫీజుకు సరిపోతుందా?

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 52 వేలు చేతికొస్తుంది. ఆరేళ్లుగా ప్రభుత్వ మింట్ (నాణేలు ముద్రించే టంకశాల) వెండి మెడళ్లు, స్మారక నాణేలు సేకరిస్తున్నాను. మొదట్లో అప్పుడప్పుడు కొనేవాణ్ని, రెండేళ్లుగా నెలకు ఆరు వేలు పోతోంది. మొత్తం 2 లక్షల 80 వేలు పెట్టాను. క్రెడిట్ కార్డు మీద 38 వేల బాకీ ఉంది. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు ఇవి అమ్ముదామని నా ధీమా. మొన్న బజారులో చూపిస్తే మెడళ్లకు తూకం లెక్కన ధర చెప్పారు. నాలుగు వేలు పెట్టి కొన్న ఎన్టీఆర్ నాణేన్ని మాత్రం వద్దన్నారు. ఎందుకు? పుట్టపర్తి నాణెం రెండు తీసుకుందామనుకుంటున్నా, ఒకటి దాచుకోవడానికి, ఒకటి అమ్మడానికి. సరేనా?

జవాబు: పసిడి వ్యాపారంలో పుట్టి పెరిగిన ఊరు మీది. అక్కడి అంగట్లో చెప్పిన ధరను కాదనడానికి నేనెవర్ని? ఆ వ్యాపారి ఎన్టీఆర్ నాణెం వద్దనడానికి మాత్రం గట్టి కారణమే ఉంది.

మెడల్ మీద రూపాయల విలువ ఉండదు. అది చట్టం దృష్టిలో డబ్బు కాదు, వెండి వస్తువు. కరిగించి గొలుసు చేయించుకున్నా అడిగేవాళ్లు లేరు. నాణెం అలా కాదు. 2011 నాటి నాణేల చట్టం స్మారక నాణేన్ని కూడా నాణెంగానే చూస్తుంది. నాణేన్ని కరిగిస్తే ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. కరిగించలేని వెండి వెండి వ్యాపారికి ఎందుకు? దాన్ని కొనేది మీలాంటి మరో సేకర్త మాత్రమే. అతను దొరికేదాకా ఆగే ఓపిక మీకుండొచ్చు, కాలేజీ ఫీజు గడువుకు ఉండదు.

పోనీ అందులో వెండి ఎంత? 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన ఆ వంద రూపాయల నాణెం బరువు 35 గ్రాములు, అందులో సగమే వెండి. అంటే పదిహేడున్నర గ్రాములు. అప్పట్లో కిలో వెండి 75 వేల దరిదాపుల్లో ఉంది. ఆ లెక్కన మీ నాలుగు వేలల్లో వెండి విలువ 1,300 రూపాయలు. మిగతాది ముద్రణకు, పెట్టెకు, పన్నుకు, అభిమానానికి. అదే నాలుగు వేలకు ఆ రోజు ఉత్త వెండి కొనుంటే 50 గ్రాములు వచ్చేది. తర్వాత వెండి పెరిగింది కదా అని మీరు సంతోషపడుతున్నారేమో. ఆ పెరుగుదల 50 గ్రాముల మీద రావాల్సింది, పదిహేడున్నర మీద వచ్చింది.

పాతబడితే విలువ పెరుగుతుందన్న నమ్మకమూ ఉంటుంది. 1969లో గాంధీ శతజయంతికి పది రూపాయల వెండి నాణెం వచ్చింది. 15 గ్రాములు, 80 శాతం వెండి. మన ప్రాంతంలో చాలా ఇళ్ల బీరువాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అందరూ దాచుకున్నారు కాబట్టే అది అరుదు కాలేదు. ఈ రోజు దానికి వచ్చే ధరలో చాలా భాగం ఆ 12 గ్రాముల వెండిదే. ఎన్టీఆర్ నాణెం కొన్నవాళ్లూ దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసినవాళ్లే. ఫోన్లో కనబడే 'పాత నాణేనికి లక్షలు' ప్రకటనలను మాత్రం అసలు పట్టించుకోకండి. తమ పేరు చెప్పి కమీషన్ అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లను చూసి నవ్వుతాం గానీ, వాళ్లు కనీసం ఎదురు కమీషన్ కట్టరు.

ఇక అసలు సంగతికి వస్తాను. నన్ను భయపెట్టింది మీ సేకరణ కాదు, ఆ 38 వేలు. కార్డు వడ్డీ సాధారణంగా నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఊరి భాషలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీకి ఊళ్లో ఎవరైనా అప్పిస్తానంటే మీరు ఆ వీధిలోకే వెళ్లరు. మెడళ్లలో ఒకే రకం రెండేసి ఉన్నవి, మీకు పెద్దగా మనసు లేనివి తూకానికి అమ్మేసి ఈ నెలలోనే ఆ బాకీ తీర్చండి. కొన్న ధర రాలేదని బాధగానే ఉంటుంది. అయినా అమ్మండి. ఈ సలహాలో ఇదొక్కటే వెంటనే చేయాల్సిన పని.

నెల నెలా పోయే ఆరు వేలల్లో ఐదు వేలు బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 20 నెలలకు అసలే లక్ష అవుతుంది. అంత తక్కువ గడువుకు షేర్ మార్కెట్ వైపు చూడొద్దు. మిగిలిన వెయ్యి మీ సరదాకు. సిగరెట్టుకో సినిమాకో పెట్టినట్టు దాన్ని ఖర్చు ఖాతాలోనే రాసుకోండి. ఫీజు లెక్కలో మాత్రం ఈ సేకరణను సున్నాగా చూడండి. అప్పటికి ఏదైనా వస్తే హాస్టల్ ఖర్చుకు పనికొస్తుంది.

ఉంచుకునేవాటిని బిల్లు, మింట్ పెట్టె, సర్టిఫికెట్‌తో సహా ఉంచండి. ముఖ్యంగా తోమొద్దు. మా నాన్నకు వచ్చిన ఒక వెండి మెడల్‌ను మా అమ్మ దీపావళి ముందు విభూతితో తళతళా తోమింది. బొమ్మ చుట్టూ గీతలే గీతలు. తూకం తగ్గలేదు, కానీ సేకర్త ఎవరూ దాన్ని చేత్తో ముట్టుకోరు. ఏది ఎంతకు కొన్నారో ఒక నోటుబుక్కులో రాసి మీ ఆవిడకు చూపించండి. రెండేళ్లుగా ఆరు వేలు ఎటు పోతోందో ఆమెకు తెలుసా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

పుట్టపర్తి నాణెం, అంటే 2025 నవంబరులో ప్రధాని విడుదల చేసిన సత్యసాయి శతజయంతి నాణెం సంగతి. భక్తితో అయితే కొనుక్కోండి, కార్డు బాకీ తీరాక, ఆ వెయ్యిలోంచి కూడబెట్టి. ఒకటి చాలు. రెండోదాన్ని కొనేవాడు ఎవరో ముందు చూసుకుని అప్పుడు చెప్పండి.