ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ కౌంటీ మొత్తం ఒకే పార్లమెంటు నియోజకవర్గంగా ఎప్పటిదాకా ఉంది?

1832 దాకా. అంత పెద్ద కౌంటీకి 1826 వరకు ఇద్దరే సభ్యులు! అవినీతి వల్ల గ్రాంపౌండ్ పట్టణం పోగొట్టుకున్న రెండు సీట్లు దీనికి కలిశాక నలుగురయ్యారు.

ఏటా 40 షిల్లింగుల ఆదాయమిచ్చే సొంత ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు. అదీ యార్క్ నగరానికి వెళ్లి వేయాలి. ఓటర్ల బండి, బస, భోజనం అభ్యర్థుల నెత్తినే పడేవి. దివాలా తీస్తామన్న భయంతో ఎవరు నిలబడాలో పెద్దలు ముందే సర్దుకునేవారు. 1807కు ముందు 60 ఏళ్లకు పైగా పోలింగే లేదు. 1807లో మాత్రం పోలింగ్ 15 రోజులు సాగింది. బానిస వ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్, ఆయనతో పాటు లార్డ్ మిల్టన్ గెలిచారు. మూడో అభ్యర్థి లాసెల్స్ కొద్దిలో ఓడారు.

1832 సంస్కరణ చట్టం యార్క్‌షైర్‌లోని మూడు రైడింగులనూ (కౌంటీలోని విభాగాలను) వేర్వేరు నియోజకవర్గాలు చేసి, తలా ఇద్దరు సభ్యులనిచ్చింది.