అమ్మాయ్, ముందు లేపిందెవరో కనుక్కో

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయ్,

నీ వ్యాసం వచ్చిన రాత్రే చదివాను, జవాబు రాయడానికే ఆలస్యమైంది. స్లీప్‌లో పెట్టి పడుకోబెట్టిన కంప్యూటర్ అర్ధరాత్రి తనంతట తనే లేచి కూర్చుంటే ఏం చేయాలి అన్న విషయం ఎంచుకున్నావు చూడు, అది నాకు నచ్చింది. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే, ఎవరూ పట్టించుకోనిదే. ఇక మొహమాటం లేకుండా చెప్తాను. రెండో పేరాలోనే "కింది పరికరాలన్నిటినీ డిసేబుల్ చేయండి" అని పదకొండు పేర్లు వరసగా పెట్టేశావు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది. చదివేవాడి కంప్యూటర్‌ని లేపుతున్నది మౌసా, నెట్‌వర్క్ కార్డా, లోపలి గడియారమా అన్నది నీకూ తెలీదు, వాడికీ తెలీదు. అది కనుక్కునే దారి చెప్పకుండా తలుపులన్నీ మూసెయ్యమంటే ఎలా?

కొన్నేళ్ల కిందట నేనూ అదే పని చేశాను కాబట్టి చెప్తున్నా. అప్పుడు నాది డెస్క్‌టాప్, హాల్లో మూలన ఉండేది. రాత్రి రెండింటికి మానిటర్ భగ్గున వెలిగేది, మా అమ్మ లేచి కూర్చుని "ఎవర్రా హాల్లో" అని అరిచేది. మూడో రోజుకి దానికి దిష్టి తీయిద్దామంది. నేను విసిగిపోయి, లేపే శక్తి ఉన్నట్టు కనబడ్డవన్నీ ఒకే దెబ్బకి ఆపేశా. ఆ రాత్రి అందరం హాయిగా పడుకున్నాం. పొద్దున్నే కీబోర్డు కొడితే ఉలకదు పలకదు, మౌస్ నొక్కినా అంతే. హ్యాంగ్ అయ్యిందనుకుని పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా. నాలుగు సెకన్లు దాటి పట్టుకుంటే కంప్యూటర్ మొత్తం ఆరిపోతుంది, దాని నియమమే అది. ఒక్కసారి నొక్కి వదిలేసుంటే నిద్ర లేచేది. సేవ్ చేయని ఏడు పేజీలు గంగలో కలిసిపోయాయి. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నీ పదకొండు పేర్లు చూడగానే ముందు గుర్తొచ్చినవి ఆ ఏడు పేజీలే.

అసలు తప్పు ఇంకోచోట ఉంది. "పరికరం ఇంటరప్ట్ పంపగానే ప్రాసెసర్ నిద్ర లేస్తుంది" అని అన్ని కంప్యూటర్లకీ కలిపి ఒకే మాట రాశావు. ఇంటరప్ట్, అంటే పరికరం ప్రాసెసర్‌కి ఇచ్చే పిలుపు, కాలింగ్ బెల్ లాంటిదన్న నీ పోలిక బాగుంది, ఉంచు. కానీ బెల్ కొడితే వినేవాళ్లు ఇంట్లో ఉండాలి కదా! నిద్రలు రెండు రకాలు. ఎస్3 అనే పాత నిద్రలో ప్రాసెసర్‌కి కరెంటే ఉండదు, ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోకుండా దానికి మాత్రం కాస్త అందుతుంది. అది కుంభకర్ణుడి నిద్ర. అప్పుడు బెల్ వినేది ప్రాసెసర్ కాదు, స్టాండ్‌బై కరెంటు మీద మేలుకుని ఉన్న చిప్‌సెట్టు (బోర్డు మీద మిగతా పరికరాల్ని చూసుకునే చిప్పు), లాప్‌టాప్ అయితే దాంతో పాటు ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకో. ఆపరేటింగ్ సిస్టమ్ పడుకోబోయే ముందు "ఫలానా ఫలానా వాళ్లొస్తేనే నన్ను లేపు" అని చీటీ రాసి అతని చేతిలో పెట్టి పడుకుంటుంది. మన పనల్లా ఆ చీటీలో పేర్లు సరిచేయడం. ఇంత మాత్రం చెప్తే చాలు, చదివేవాడికి మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

రెండోది ఈమధ్య లాప్‌టాప్‌లలో ఎక్కువగా వస్తున్నది. విండోస్ వాళ్లు మోడర్న్ స్టాండ్‌బై అంటారు, లినక్స్‌లో దానికి దగ్గరి చుట్టం ఎస్2ఐడిల్. ఇది కోడికునుకు. ప్రాసెసర్ ఆరిపోదు, పనేమీ లేక కళ్లు మూసుకుని ఉంటుందంతే. నీ వాక్యం సరిగ్గా అతికేది ఇక్కడ. లినక్స్ పడుకునే ముందు మామూలు ఇంటరప్ట్‌ల నోళ్లన్నీ నొక్కేసి, లేపడానికి అనుమతి ఉన్నవాటినే వదిలిపెడుతుంది. వాటిలో పెద్దది ఏసీపీఐ, అంటే పవర్ వ్యవహారాలు చూసే ఏర్పాటు, వాడుకునే ఇంటరప్ట్, మామూలు పీసీల్లో దాని నంబరు 9. చార్జర్ పెట్టినా, మూత తెరిచినా, బ్యాటరీ ఏదో కబురు చెప్పినా అన్నీ ఆ ఒక్క గుమ్మం లోంచే వస్తాయి. కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, ఓ కన్ను తెరిచి చూసి, లేవాల్సినంత విషయం కాదనుకుంటే మళ్లీ పడుకుంటుంది. స్క్రీన్ వెలగదు, నీకేమీ తెలీదు, అలా రాత్రంతా లేస్తూ పడుకుంటూ ఉంటే పొద్దున బ్యాటరీ మాత్రం తగ్గి కనబడుతుంది. కాబట్టి వ్యాసం మొదట్లోనే, నీ కంప్యూటర్‌ది ఏ నిద్రో చూసుకో అని చెప్పు. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండుకి స్లాష్ ఏ తగిలిస్తే (powercfg /a) చెప్పేస్తుంది. లినక్స్‌లో సిస్ అనే ఫోల్డరు కింద పవర్, దాని కింద మెమ్‌స్లీప్ అనే ఫైలు (/sys/power/mem_sleep) తెరిస్తే ఎస్2ఐడిల్, డీప్ అన్న మాటలు ఉంటాయి, బ్రాకెట్లో ఉన్నదే ఇప్పుడు నడుస్తున్నది. డీప్ అంటే చాలావరకు మన కుంభకర్ణుడే.

పోయిన ఎండాకాలం సంగతి చెప్తా, పనికొస్తే వాడుకో. గుంటూరు నుంచి మీ బెజవాడ బస్సులో వస్తున్నా, లాప్‌టాప్ మూత వేసి సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకున్నా. మంగళగిరి దాటేసరికి తొడ కాలడం మొదలైంది. జిప్పు తీసి చెయ్యి పెడితే దోసెల పెనంలా ఉంది, ఫ్యాను గాలాడక రొప్పుతోంది. ఎవరు లేపారు? వైర్‌లెస్ మౌస్ తాలూకు డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న ముక్క) లాప్‌టాప్‌కే ఉంది, మౌస్ అదే సంచిలో ఉంది, దాని కింద స్విచ్చు ఆపలేదు. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా మౌస్ కదలడం, డాంగిల్ తలుపు కొట్టడం. ఇందులో ఇంకో తమాషా ఉంది. లినక్స్ మామూలుగా కీబోర్డులకి లేపే అనుమతి ఇస్తుంది, మనిషి మీట నొక్కాడంటే కావాలనే నొక్కాడని దాని నమ్మకం. ఈ డాంగిల్స్‌లో కొన్ని, ఎప్పుడైనా కీబోర్డు కూడా తగిలిస్తారేమోనని, తమని తాము కీబోర్డుగా కూడా పరిచయం చేసుకుంటాయి. దాంతో ఆ అనుమతి వాటికీ వచ్చేస్తుంది, కీబోర్డు పేరు చెప్పుకుని మౌస్ లోపలికి దూరుతుంది. దీనికి పదకొండు పేర్లు ఎందుకమ్మా, డాంగిల్ పీకేస్తే సరిపోయేది!

ఇప్పుడు లేపిందెవరో కనుక్కోవడం. నీ వ్యాసంలో సగం ఇదే ఉండాలి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీకి లాస్ట్‌వేక్ (/lastwake) అని తగిలిస్తే ఆఖరిసారి లేపింది ఎవరో చెప్తుంది. చాలాసార్లు చెప్పదు కూడా, లెక్క సున్నా అని ఊరుకుంటుంది. ఆ సంగతి నువ్వు ముందే రాయకపోతే చదివేవాడు తానేదో తప్పు కొట్టాననుకుని టెన్షన్ పడతాడు. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో పవర్ ట్రబుల్‌షూటర్ రాసుకున్న చిట్టా చూడమను, ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎవరి వల్ల అన్నది అక్కడ ఉంటుంది. డివైస్‌క్వెరీ వేక్‌ఆర్మ్‌డ్ (/devicequery wake_armed) అంటే వాచ్‌మన్ చేతిలో చీటీ మొత్తం కనబడుతుంది. వేక్‌టైమర్స్ (/waketimers) అంటే అలారం పెట్టుకున్న ప్రోగ్రాములు బయటపడతాయి. రోజూ రాత్రి ఒకే టైముకి లేస్తుంటే ముందు వీటినే అనుమానించాలి, నీ వ్యాసంలో ఈ మాట అసలు లేదు. అప్‌డేట్ల కోసమో మరో పని కోసమో షెడ్యూల్ చేసినవి లోపలి గడియారానికి అలారం పెట్టి పడుకుంటాయి. పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్స్ దగ్గర ఆపుకోవచ్చు.

లినక్స్‌లో సిస్ పవర్ కిందే పీఎం‌వేకప్‌ఐఆర్‌క్యూ (pm_wakeup_irq) అని ఓ ఫైలుంటుంది, లేపిన ఇంటరప్ట్ నంబరు అందులో దొరుకుతుంది. ఆ నంబరు ఎవరిదో ప్రాక్ అనే ఫోల్డరు కింద ఇంటరప్ట్స్ ఫైల్లో (/proc/interrupts) చూసుకోవాలి: మామూలుగా 1 అంటే కీబోర్డు, 8 అంటే లోపలి గడియారం. 9 అని వస్తే మాత్రం అది గుమ్మం పేరే కానీ మనిషి పేరు కాదు, ఇంకొంచెం వెతకాలి.

ప్రాక్ కింద ఏసీపీఐలో వేకప్ ఫైలు గురించి నువ్వు రాశావు, కానీ ముల్లు గుచ్చుకునే చోటే వదిలేశావు. అందులో పరికరం పేరు రాస్తే ఆగిపోతుంది అన్నావు. ఆగిపోదు, తిరగబడుతుంది. ఎనేబుల్‌గా ఉంటే డిసేబుల్ అవుతుంది, అదే పేరు మళ్లీ రాస్తే మళ్లీ ఎనేబుల్. మనింట్లో ట్యూబులైటు తాడు లాగినట్టు. రీబూట్ చేస్తే పాత స్థితికి వచ్చేస్తుంది కాబట్టి స్క్రిప్టులో పెట్టుకోండి అన్నావు, బాగానే ఉంది, కానీ ఆ స్క్రిప్టు బూట్ అయినప్పుడు ఓసారి, నిద్ర లేచినప్పుడు ఓసారి నడిచిందనుకో, ఒకరోజు పని చేస్తుంది ఒకరోజు చేయదు, చదివేవాడు నిన్ను తిట్టుకుంటాడు. ముందు స్థితి చూసి అప్పుడు రాయాలి. అంతకంటే సులువు, లేపే శక్తి ఉన్న ప్రతి యూఎస్‌బీ పరికరానికీ సిస్ కింద తన సొంత పవర్ ఫోల్డర్లో వేకప్ అనే ఫైలుంటుంది, అందులో డిసేబుల్డ్ అని స్పష్టంగా రాసెయ్యొచ్చు, వందసార్లు రాసినా అర్థం మారదు. పైగా ఎక్స్‌హెచ్‌సీ (XHC) అని కనబడేదాన్ని ఆపితే లేపే విషయంలో మొత్తం యూఎస్‌బీ కంట్రోలరే మూగదైపోతుంది, యూఎస్‌బీ కీబోర్డుతో కూడా లేపలేం. మౌస్ ఒక్కదాన్నే ఆపు. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్, అక్కడ లేపే అనుమతి దగ్గర టిక్కు తీసేయడమే.

నెట్‌వర్క్ కార్డు గురించి రెండు ముక్కలు చాలు. దాన్ని పూర్తిగా ఆపక్కర్లేదు, మ్యాజిక్ ప్యాకెట్ వస్తేనే లేపమని టిక్కు పెట్టుకుంటే ఇంట్లో రౌటర్ వేసే ప్రతి కేకకీ లేవదు. మ్యాజిక్ ప్యాకెట్ అంటే లేపడానికే నెట్‌వర్క్‌లో పంపే కబురు: ఎఫ్ఎఫ్ అనే బైట్లు ఆరు, వెనకే ఆరు బైట్ల ఆ కార్డు చిరునామా పదహారుసార్లు, మొత్తం 102 బైట్లు. పొరపాటున ఎవరూ అలా పిలవరు.

కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ దానంతటదే ఆన్ అవుతోందని చివర్లో కలిపావు, అది తీసెయ్. అది నిద్ర లేవడం కాదు, కరెంటు వచ్చాక ఏం చేయాలన్న బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాము) సెట్టింగ్. రెండూ ఒకేచోట పెడితే చదివేవాడు ఒకదాని మందు ఇంకోదానికి వేస్తాడు.

భాష గురించి ఒక్క మాటే. "అవాంఛిత హార్డ్‌వేర్ అంతరాయాలను నిరోధించుట" అని శీర్షిక పెట్టావు. అంతరాయం అంటే మనవాళ్లకి గుర్తొచ్చేది లైన్ల మరమ్మతు, ఉదయం తొమ్మిది నుంచి రెండు దాకా కరెంటు ఉండదన్న ప్రకటన. ఇంటరప్ట్ అనే రాయి. నిరోధించుట కూడా వద్దు, నువ్వు ఫోన్లో నాతో "సార్, రాత్రిపూట పీసీ ఊరికే లేస్తోంది" అన్నావు కదా, శీర్షిక అదే.

ఇంకొకటి, నీ వ్యాసంలో నీ కంప్యూటర్ ఎక్కడా లేదు. అది లేస్తుంటేనే కదా ఇదంతా మొదలుపెట్టావు? మీ ఇల్లు బందరు రోడ్డు పక్కనే అన్నావు, రాత్రిళ్లు లారీలు పోతుంటే బల్ల వణకదూ? ఆప్టికల్ మౌస్‌కి వెంట్రుకవాసి కదలిక చాలు, మనిషి చెయ్యి పెట్టాడనే అనుకుంటుంది. ఈ రాత్రి దాన్ని పడుకోబెట్టి, గదిలో లైట్లు ఆర్పి, మౌస్ తిరగేసి చూడు. అడుగున ఎర్ర లైటు వెలుగుతుంటే దానికి ఇంకా కరెంటు అందుతున్నట్టే. మౌస్‌ని అలాగే బోర్లా ఉంచి పడుకో, వేరే ఏదీ ముట్టుకోకు. రేపు రాత్రి మామూలుగా పెట్టు. ఎల్లుండి మళ్లీ బోర్లా. మూడు పొద్దుల్లో ఏం జరిగిందో టైముతో సహా కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతోనే వ్యాసం మళ్లీ మొదలుపెట్టు.

రెండో ప్రతి పంపేటప్పుడు ఆ కాగితం ఫొటో కూడా పెట్టు. అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు.

మీ మాస్టారు