సిండ్రెల్లా క్విజ్‌కు ముందు పదహారు ప్రశ్నలు కొట్టేయ్

తిరుపతి, బైరాగిపట్టెడ.

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పింది సగమే వినబడింది. చంద్రగిరి నుంచి వచ్చే బస్సులో నిలబడి మాట్లాడుతున్నట్టున్నావు. వచ్చే శనివారం అయిదో తరగతికి సిండ్రెల్లా కథ మీద క్విజ్ పెట్టాలని, ఇరవై ప్రశ్నలు రాసుకున్నావని, పిల్లలు నోరు తెరవరేమోనని టెన్షన్‌గా ఉందని మాత్రం అర్థమైంది. వాట్సాప్‌లో నువ్వు పంపిన ప్రశ్నలు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఫోనులో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావు, అందుకే కాగితం తీశాను.

ముందే చెబుతున్నా, కోపం తెచ్చుకోవద్దు. ఇరవైలో పదహారు కొట్టేయ్. సవతి అక్కలు ఎంతమంది, బండి దేంతో తయారైంది, గడియారం ఎన్ని గంటలు కొట్టింది... ఇవన్నీ అట్ట మీద బొమ్మ చూసినవాళ్ళు కూడా చెప్పేస్తారు. ఇంట్లో కార్టూన్ చూసిన నలుగురు చేతులెత్తుతారు, మిగతా ముప్పై మంది వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంటారు. నేనూ అదే పని చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి సవతి అక్కల పేర్లు అడిగాను. ఒక పిల్ల టక్కున అనస్టేషియా, డ్రిజెల్లా అంది. క్లాసంతా చప్పట్లు. ఆ పేర్లు 1950లో వచ్చిన డిస్నీ సినిమా వాళ్ళు పెట్టినవి. నేను చదివి వినిపించిన కథలో అవి లేనే లేవు. అంటే నా ప్రశ్నకు, నా పాఠానికి సంబంధమే లేదన్నమాట. ఇంటికొచ్చి మీ తాతకు చెబితే, "నువ్వు పెట్టింది పిల్లలకు పరీక్ష కాదు, వాళ్ళింటి టీవీకి" అన్నాడు.

మా అవ్వ చెప్పిన ఏడు చేపల కథ నీకు గుర్తుందా? రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమేటును అడిగితే ఆవు మేయలేదంటుంది. అట్లా అడుగుతూ పోతే చివరికి చీమ దొరుకుతుంది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. ఆ కథలో చేపలెన్ని అని ఎవరూ అడగరు. ఉన్నవన్నీ ఎందుకు అనే ప్రశ్నలే. ఒక జవాబు చెబితే దాని తోక పట్టుకుని ఇంకో ప్రశ్న వస్తుంది. నీ క్విజ్ కూడా అట్లా నడవాలి. శనివారం ముందుగా అయిదు నిమిషాలు ఈ కథే అందరిచేత చెప్పించు. బిడియపడే పిల్లలు కూడా గొంతు కలుపుతారు, వాళ్ళకు వచ్చిన కథ కదా.

రెండో సంగతి, ఏ సిండ్రెల్లా అన్నది ముందే తేల్చుకో. నువ్వు ఫొటో తీసి పంపిన పుస్తకంలో గుమ్మడికాయ బండి, గాజు చెప్పులు ఉన్నాయి కాబట్టి అది ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో 1697లో అచ్చువేయించిన కథ. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో మొదట అచ్చువేసి, తర్వాతి అచ్చుల్లో దిద్దిన దాంట్లో గుమ్మడికాయా లేదు, మంత్రదండం పట్టుకున్న దేవతా లేదు. అక్కడ తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు, పిట్టలు ఆ అమ్మాయికి బట్టలిస్తాయి. సవతి తల్లి బూడిదలో పప్పు గింజలు పోసి ఏరమంటుంది. అక్కలు చెప్పు పట్టడానికి ఒకతె కాలివేలు, ఒకతె మడమ కోసుకుంటారు. పిల్లలకు ఆ రక్తం సంగతి చెబితే నోళ్ళు తెరుచుకుని వింటారు, కాని చివర్లో పిట్టలు అక్కల కళ్ళు పొడిచే ముక్క పదేళ్ళ వాళ్ళకు వద్దని నా అభిప్రాయం. పెరో కథలో ఆ పిల్ల అక్కలను క్షమించి, వాళ్ళకు కూడా రాజుగారి కొలువులోని దొరలతో పెళ్ళిళ్ళు చేయిస్తుంది. నువ్వు పెరోనే పట్టుకో. బుధవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి గట్టిగా చదివి వినిపించు. వినని కథ మీద క్విజ్ పెట్టడమంటే పిల్లల్ని ఇరికించడమే.

ఇప్పుడు ప్రశ్నలు. పన్నెండు కొట్టగానే బండి గుమ్మడికాయ అయింది, గుర్రాలు ఎలుకలయ్యాయి, పట్టుబట్టలు మళ్ళీ చింపిరి బట్టలయ్యాయి. మరి చెప్పు ఎందుకు మారలేదు? ఇది అడిగి నోరు మూసుకుని కూర్చో. ఒక నిమిషం క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. భయపడొద్దు. తర్వాత ఒకరెవరో పుస్తకం తిరగేస్తారు. బట్టలేమో దండం తాకిస్తే మారినవి, చెప్పులు మాత్రం ఆ దేవత విడిగా చేతికిచ్చింది అన్న వాక్యం దొరుకుతుంది. పెరో కారణమని ఏదీ చెప్పలేదు, ఆ వాక్యం పట్టుకుని పిల్లలే కారణం చెప్పాలి. నా క్లాసులో ఒకడు లేచి, "వేషం బాడుగది టీచర్, చెప్పులు సొంతం" అన్నాడు. వాడు ఆ ఏడు తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం కట్టినవాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

తోటలో నీళ్ళకుండ వెనక దొరికిన ఆరు జంతువులు ఏవి, వాటిని ఏం చేశారు? ఇక్కడ ఒక తిరకాసుంది. మన పుస్తకాల్లో కొన్నిటిలో బల్లులు అని రాశారు. తోటలో తిరిగేది తొండ కదా, గోడ మీదిది బల్లి. పిల్లలు దీని మీద కొట్లాడుకుంటే కొట్లాడుకోనివ్వు. ఆ ఆరూ బండి వెనక నిలబడే బంట్రోతులయ్యాయి. మనకు తొండ ముదిరితే ఊసరవెల్లి, వాళ్ళకు బంట్రోతు. పందికొక్కుల్లో ఒకదాన్నే బండి తోలడానికి ఎందుకు ఎంచుకున్నారని కూడా అడుగు. దానికి మీసాలు ఎక్కువ. బండివాడికి కూడా ఊళ్ళో ఎవరికీ లేనంత మీసాలొచ్చాయి. ఒక్కో జంతువులో ముందునుంచీ ఉన్న గుణమే మనిషి రూపంలోకి వచ్చిందని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పట్టుకుంటారు. నువ్వు ముందే చెప్పి చెడగొట్టకు.

ఇంకోటి నాకు ఇష్టమైనది. విందులో సిండ్రెల్లా అక్కల పక్కన కూర్చుని వాళ్ళకు ఏం పంచింది? రాజకుమారుడు ఇచ్చిన నారింజపండ్లు, నిమ్మకాయలు. పిల్లలు నవ్వుతారు, నిమ్మకాయలేంది టీచర్ అని. మన ఇళ్ళల్లో పెద్దల్ని చూడబోతే చేతిలో నిమ్మకాయ పెడతాం కదా అను. ఫ్రాన్స్ చలి దేశం, ఆ రోజుల్లో అక్కడ అవి డబ్బున్నవాళ్ళకే దొరికేవి. తర్వాత దీని తోక ప్రశ్న: వాళ్ళు తనను గుర్తుపట్టలేదని తెలిసి కూడా ఎందుకు పంచింది? దీనికి ఒకే జవాబు లేదు. మంచితనమని ఒకరంటారు, ఆటపట్టించడానికని ఒకరంటారు. ఇద్దరికీ గింజలివ్వు.

గింజలంటే చింతగింజలు. మార్కులు బోర్డు మీద రాయొద్దు. బోర్డు మీద సున్నా పడ్డ గుంపు మిగతా పీరియడంతా కిటికీలోంచి బయటికి చూస్తుంది. ముప్పై నాలుగు మందిని ఆరు గుంపులు చెయ్, బాగా చదివేవాళ్ళందర్నీ ఒకచోట చేర్చకు. ప్రతి గుంపుకూ ఒక పలక. ప్రశ్న అడిగాక చేతులెత్తడాలు లేవు. గుంపులో గుసగుసగా మాట్లాడుకుని పలక మీద రాయాలి, నువ్వు చిటిక వేయగానే ఆరు పలకలూ ఒకేసారి లేవాలి. అప్పుడు తొందరగా అరిచేవాడికి ప్రత్యేక లాభం ఉండదు. జవాబుకు ఒక గింజ, పుస్తకంలో అది ఏ వాక్యంలో ఉందో చూపిస్తే ఇంకో రెండు. తప్పు చెబితే గింజలు వెనక్కి తీసుకోవద్దు, "ఎక్కడుందో చూపించు నాయనా" అను, వాళ్ళే దిద్దుకుంటారు. నలభై అయిదు నిమిషాల్లో ఆరు ప్రశ్నలు జరిగితే గొప్ప. ప్రొజెక్టరు, బజరు వగైరా నీకు అనవసరం. బహుమతి అంటావా, చెనక్కాయ ఉండలు అందరికీ ఒకటి, గెలిచిన గుంపుకు రెండు, అంతే.

పుత్తూరు, నగరి వైపు నుంచి వచ్చిన పిల్లలు నీ క్లాసులో ఇద్దరో ముగ్గురో ఉన్నారన్నావు, ఇంట్లో అరవం మాట్లాడేవాళ్ళు. వాళ్ళు జవాబు అరవంలో చెబితే ఒప్పుకో, గుంపులో పక్కవాళ్ళు తెలుగు చేసి పలక మీద రాస్తారు.

ఇక అసలు జాగ్రత్త ఒకటుంది, ఇది మాత్రం రెండుసార్లు చదువు. నీ పన్నెండో ప్రశ్న, "సవతి తల్లులు ఎందుకు చెడ్డవాళ్ళు?" ఇది అడగొద్దు. నేను అడిగాను. చిత్తూరు దగ్గర ఒక బడిలో, పేరు వద్దులే. అడగగానే క్లాసులో సగం తలలు ఒక పిల్ల వైపు తిరిగాయి. ఆ పిల్ల తల్లి పోతే తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని ఊరందరికీ తెలుసు, నాకే తెలియదు. ఆ పిల్ల ఏడవలేదు. పలక పక్కన పెట్టి, "మా చిన్నమ్మ దినామూ నాకు జడేస్తుంది టీచర్" అంది. క్విజ్ అక్కడితో ఆగిపోయింది. నేను ఏదో సర్దిచెప్పబోయి ఇంకా పాడుచేశాను. మరుసటి రెండు రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. మూడో రోజు ఆ చిన్నమ్మే వెంటబెట్టుకుని వచ్చి దింపి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ చూడకపోవడం నాకు ఇప్పటికీ గుర్తే. "ఈ కథలో ఈ ఆడమనిషి ఏం చేసింది" అని అడగొచ్చు. "ఇట్లాంటి వాళ్ళు" అనే మాట మాత్రం నీ నోట రాకూడదు. క్లాసు మొదలయ్యేలోపు ఎవరింట్లో ఎవరున్నారో హెడ్మాస్టరును అడిగి తెలుసుకో.

పేరు ప్రశ్న చివర్లో పెట్టు. ఆ పిల్ల పొయ్యి దగ్గర బూడిదలో కూర్చునేది కాబట్టి ఆ పేరు వచ్చింది, ఫ్రెంచిలో సాండ్ర్ అంటే బూడిద. అయితే తెలుగులో ఈమెకు పేరేం పెడదాం అని అడుగు. మా వాళ్ళు బూడిదమ్మ, బుగ్గి పాప, పొయ్యిలచ్చి అని పెట్టారు. ఒకడు బూడిదగుమ్మడి అని అరిచాడు, బండి కూడా అదే కదా అని. అది కాదు నాయనా, బండికి వాడింది తియ్యగుమ్మడి, నువ్వు చెప్పేది దిష్టికి వాకిట్లో కట్టేది అని చెప్పేలోపు క్లాసంతా దొర్లి దొర్లి నవ్వింది.

టైము మిగిలితే చైనా కథ ఒక్క ముక్క చెప్పు. తొమ్మిదో శతాబ్దంలోనే దువాన్ చెంగ్షి అనే ఆయన రాసిపెట్టాడు, యే షియన్ అనే పిల్ల కథ. అక్కడ దేవత పనిచేసేది చేప ఎముకలు, పోయేది బంగారు చెప్పు. మళ్ళీ చేప దగ్గరికే వచ్చామని పిల్లలు అంటారేమో చూడు. అంటే ఆ గుంపుకు గుప్పెడు గింజలు.

అన్నట్టు, అంత పెద్ద ఊళ్ళో ఆ చెప్పు ఇంకెవరి కాలికీ పట్టలేదా అని ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. నా దగ్గర ముప్పై ఏళ్ళుగా దీనికి జవాబు లేదు. బోర్డు మూలన రాసి వదిలేసేదాన్ని, సోమవారానికి రెండు మూడు జవాబులు వచ్చేవి.

కొట్టేయగా మిగిలిన నాలుగు ప్రశ్నలకు, నేను చెప్పినవి కాకుండా, నీవి ఒక రెండు కలిపి ఆదివారం పట్టుకుని రా. ఎండ ముదరకముందే బయలుదేరు. చింతగింజలు వంటింట్లో పాత హార్లిక్స్ సీసాలో ఉన్నాయి, కడిగి ఆరబెట్టాను, మీ పెదనాన్న లెక్కపెడితే మున్నూట పన్నెండు వచ్చాయంట. సీసా మాత్రం తిరిగి తెచ్చివ్వు.

ఇట్లు,
మీ పెద్దమ్మ