ఆలస్యంగా వచ్చిన ఎలక్ట్రాన్లు

విశాఖపట్నం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కెమెరా చిప్పులో ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో, ఆ కదలికను కంప్యూటర్లో ఎలా లెక్కగడతారో తెలుగులో చెప్పాలని నువ్వు పూనుకోవడమే నాకు ఎంతో ముచ్చటగా ఉంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ సీసీడీని, అంటే వెలుగు పడితే పుట్టే ఎలక్ట్రాన్లను గడుల్లో పట్టే కెమెరా చిప్పును, రూపొందించడం, 2009లో వారికి నోబెల్ రావడం మొదటి పేరాలోనే కుమ్మరించావు. పాఠకుడికి ఆ చిప్పు మీద ఇష్టం కలిగాక చెబితే ఆ పేర్లు గుర్తుంటాయి. మరొకటి, విద్యుదావేశాన్ని కొన్నిచోట్ల ఉత్త ‘ఆవేశం’ చేశావు. ‘ఆవేశం పక్క గడిలోకి మారుతుంది’ అని చదివితే మనసు ఉద్రేకం వైపు పోతుంది. కదిలేవి ఎలక్ట్రాన్లే కనుక ఎలక్ట్రాన్లనే రాయి.

బకెట్లలో నీళ్లు మోసే పోలికతో నాకు పేచీ లేదు. నువ్వు దాని దగ్గరే ఆగిపోయావు. చిప్పులో ఏ బకెట్టూ నడవదు. పక్క ఎలక్ట్రోడ్ మీద వోల్టేజి పెంచితే దాని కింద గుంట ఏర్పడుతుంది, ఎలక్ట్రాన్లు అందులోకి జారతాయి. వెనకటి గుంట పూడుతుంది. అలా మెట్టు మెట్టుగా అంచుకు చేరతాయి.

అన్నీ చేరతాయా? మొన్న తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. బోటులోంచి జెట్టీ మీదకు గంపలు చేతులు మారుతున్నాయి. ఒక గంప అంచున ఉన్న కానాగంత జారి కింద సందులో పడింది. ఓ కుర్రాడు వంగి దాన్ని తీసేసరికి ఆ గంప దాటిపోయింది. వెనక వస్తున్న గంపలో వేశాడు. చేప ఎక్కడికీ పోలేదు, వేరే గంప లెక్కలో చేరింది.

సిలికాన్ స్ఫటికంలో లోపం ఉన్నచోట జరిగేది ఇదే. ఎలక్ట్రాన్ కాసేపు చిక్కుకుని, వదిలేటప్పటికి వెనకటి గుంపులో పడుతుంది. మెట్టుకు లక్షలో ఒక్కటే వెనకబడుతుందనుకో. 2,000 మెట్లు దాటేసరికి 10,000 ఎలక్ట్రాన్లలో దాదాపు 200 వెనకబడతాయి. ఫొటోలో నక్షత్రానికి సన్నని తోక మొలుస్తుంది. 2002లో హబుల్ టెలిస్కోపుకు అమర్చిన సర్వే కెమెరాలో ఈ తోకలు ఏటేటా పెరిగాయి. అంతరిక్షంలో ప్రోటాన్లు తగిలి సిలికాన్ పరమాణువులు చోటు తప్పుతాయి, చిక్కుకునే సందులు ఎక్కువవుతాయి.

ఆ తోకలను సరిదిద్దిన తీరును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నా మట్టుకు వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. తోకలు లేని అసలు చిత్రం ఎవరి దగ్గరా లేదు. ఎలక్ట్రాన్ చిక్కడాన్ని, విడుదలవడాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనా ముందుకే నడుస్తుంది, వెనక్కి నడవదు. అందుకని చెడిన చిత్రాన్నే మరోసారి ఆ నమూనా గుండా పంపుతారు. ఈ విడత ఎంత చెడిందో చూసి, మొదటిసారీ ఇంచుమించు అంతే చెడి ఉంటుందని ఆ మేరకు తీసేస్తారు. మిగిలిన చిత్రాన్ని మళ్లీ నడిపి, హబుల్ పంపిన దానితో పోల్చి, తేడాను సవరిస్తారు. ఒకటికి నాలుగుసార్లు. ఎంత అందమైన ఆలోచన! దీనికి కనీసం రెండు పేరాలు ఇవ్వు, తొందరపడకు.

చందనోత్సవం నాడు సింహాచలంలో నిండిన క్యూలో చొరలేక జనం పక్క వరుసకు మళ్లినట్టు, నిండుతున్న గడి కొత్త ఎలక్ట్రాన్లను పక్కకు నెట్టడం, దానివల్ల కాంతివంతమైన నక్షత్రం ఫొటోలో కాస్త లావుగా పడటం కూడా ఇందులోనే ఇరికించావు. అది మరో వ్యాసం. దాచుకో.

సవరించిన ప్రతి తెచ్చేటప్పుడు ఆ 200 ఎలక్ట్రాన్ల లెక్క నీ చేత్తో వేసిన కాగితం కూడా తీసుకురా. కలిసి చూద్దాం.