సమాధానం: నవలలో మనసులో మాటలు తెర మీదకి ఎలా?

నవలను సిరీస్ స్క్రిప్ట్‌గా మారుస్తుంటే, పాత్రల ఆలోచనలన్నీ వాయిస్ ఓవర్‌లో (తెర వెనక గొంతుగా) పెడితే సీన్లు సాగదీసినట్టు ఉంటున్నాయి, తీసేస్తే కథ అర్థం కావట్లేదు అన్నారు కదా. ఫ్రాంక్ హెర్బర్ట్ సైన్స్ ఫిక్షన్ నవల ‘డ్యూన్’ మీద ఇద్దరు దర్శకులు తీసిన సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. 1984లో డేవిడ్ లించ్ ఆ ఆలోచనలను గుసగుసల్లా వినిపించాడు; నాకైతే విసుగొచ్చింది. 2021లో డెని విల్నవ్ వాటి జోలికే పెద్దగా పోలేదు. శత్రువులకు చిక్కిన తల్లీకొడుకులు వేళ్ల సైగలతోనే మాట్లాడుకుంటారు, టెన్షన్ అంతా ఆ చేతుల్లోనే తెలుస్తుంది. పుస్తకాన్ని రెండు సినిమాలుగా చేసుకుని కూడా అందులోని విందు ఘట్టాన్ని వదిలేశాడు. వీరాభిమానులకు అది లోటే, కథ మాత్రం ఎక్కడా తెగలేదు.

మీ స్క్రిప్ట్‌లో ఒక్కో ఆలోచన తీసేసి తర్వాతి సీన్ చదవండి. అర్థమైతే కొట్టేయండి. కాకపోతే దాన్ని ఒక చూపుగానో, పాత్ర చేసే పనిగానో మార్చండి. ముందు మొదటి ఎపిసోడ్‌కే చేసి చూడండి.