ఎంఎస్ ఉంటే ఎక్సర్‌సైజులు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 34, టీచర్‌ని. మూడేళ్ల కిందట మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది. మందులు మానలేదు. ఎమ్మారైలో కొత్త మచ్చలు లేవన్నారు. అయినా నడుస్తుంటే కుడి పాదం నేలకు రాసుకుంటోంది, మధ్యాహ్నానికే నీరసం. ఏప్రిల్‌లో ఫిజియోథెరపీ మొదలుపెడితే కాసేపటికే చూపు మసకబారి కాళ్లు వణికాయి. భయపడి మానేశాను. ఇంట్లోవాళ్లు రెస్ట్ తీసుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఆ రోజు ఇబ్బంది పెట్టింది ఎక్సర్‌సైజు కాదు, వేడి. ఎంఎస్‌లో నరాల మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా ఆ నరాల్లో సంకేతాలు తడబడతాయి. ఒళ్లు చల్లబడితే సర్దుకుంటుంది. దీన్ని 1890లోనే ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ గుర్తించారు. జబ్బు ముదిరినట్టు కాదు. మళ్లీ మొదలుపెట్టండి. కాకపోతే ఎండ ఎక్కకముందే, ఫ్యాన్ కింద, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని, పది నిమిషాలకోసారి ఆగుతూ చేయండి.

మీ మందులు కొత్త దాడులను తగ్గిస్తాయి. వాలిపోయిన పాదాన్ని అవి లేపవు, ఆ పని రీహాబిలిటేషన్‌ది, అంటే ఫిజియోథెరపీ, వ్యాయామాలది. ఒకప్పుడు మా డాక్టర్లే ఎంఎస్ ఉన్నవాళ్లను కదలొద్దనేవారు. మీ ఇంట్లోవాళ్లను తప్పుపట్టలేం. కానీ కదలకపోతే కండ కరిగి, ఉన్న నడక కూడా తగ్గుతుంది.

పిక్క బిగుసుకోకుండా రోజూ సాగదీయాలి. పాదం వాలకుండా పట్టి ఉంచే ఏఎఫ్‌ఓ అనే తేలికపాటి స్ప్లింట్ సాయపడుతుందేమో ఫిజియోథెరపిస్టు నడక చూసి చెబుతారు. నలుగురూ చూస్తారని చాలామంది వద్దంటారు. చీర కింద అది కనిపించదు, పడి తుంటి విరగ్గొట్టుకుంటే మాత్రం ఊరంతా చూస్తుంది!

నీరసానికి ముందు రక్తం, థైరాయిడ్, నిద్ర సంగతి చూపించుకోండి. బరువైన క్లాసులు పొద్దున పెట్టించుకుని, స్టూలు మీద కూర్చుని చెప్పండి. అలసిపోయాక కాదు, అలసిపోకముందే పడుకోండి. మూత్రం ఆపుకోలేకపోతుంటే సిగ్గుపడకుండా చెప్పండి, దానికీ వ్యాయామాలున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ కూడా ఉంది. సర్టిఫికెట్ వస్తే గ్రౌండ్ ఫ్లోర్ క్లాసు అడగడం తేలిక.

ఒళ్లు చల్లబడ్డాక కూడా కొత్త బలహీనత గానీ చూపు మసక గానీ 24 గంటలు దాటి ఉంటే న్యూరాలజిస్టును కలవండి. జ్వరం, మూత్రంలో మంట ఉంటే అదీ చెప్పండి, ముందు ఇన్ఫెక్షన్ తగ్గించాల్సి రావచ్చు.