మూడేళ్ల బాబు చెల్లి మొహం మీద దిండు నొక్కాడు

"మా బాబుకి మూడేళ్ల నాలుగు నెలలు, పాపకి ఐదు నెలలు. వాడు కొరుకుతాడు, స్టీలు గ్లాసులు విసురుతాడు. మొన్న ఉయ్యాల్లో ఉన్న పాప మొహం మీద దిండు పెట్టి నొక్కాడు. మావారు వాణ్ణి బాగా కొట్టారు. అత్తయ్యేమో పెద్దయితే వాడే మానేస్తాడంటారు. నాకు భయంగా ఉంది" అని ఒక తల్లి రాశారు.

మీ భయం సబబేనమ్మా. కొట్టడం, కొరకడం రెండు మూడేళ్ల వయసులో ఎక్కువగా ఉండి, మెల్లగా తగ్గుతాయి. అత్తయ్య మాట అంతవరకూ నిజమే. దిండు సంగతి వేరు. చనిపోతే మళ్లీ లేవరని మూడేళ్లవాడికి తెలీదు కాబట్టి వాడిలో క్రూరత్వం వెతక్కండి. కానీ తెలియక నొక్కినా పాప ఊపిరి ఆగుతుంది. ఈ రోజు నుంచి ఇద్దరినీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. మీరు స్నానానికి వెళ్తే అత్తయ్య పాప పక్కనే కూర్చోవాలి. వంటింట్లోకి వెళ్తే బాబును వెంట తీసుకెళ్లండి. ఉయ్యాల్లోంచి దిండ్లు, బొంతలు తీసేయండి, ఏడాదిలోపు పిల్లలకు అవి ఎలాగూ వద్దు. మళ్లీ ఇలా జరిగి పాప పెదాలు నీలంగా మారినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

రెండు వారాలపాటు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎన్ని గంటలకు జరిగింది, అంతకుముందు ఏమైంది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు. పాపకు పాలిచ్చే వేళకో, మధ్యాహ్నం నిద్ర తప్పినరోజో గొడవలు పెరుగుతున్నాయేమో అందులో తెలిసిపోతుంది.

ఆ నోట్‌బుక్ పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష అడగండి. సరిగా వినపడక మాటలు రాని పిల్లలు తమ కోపం చేతులతో, పళ్లతోనే చెబుతారు. ఇవి కూడా గమనించి డాక్టరుకు చెప్పండి: మూడు పదాలైనా కలిపి మాట్లాడుతున్నాడా? రాత్రి గురక పెడుతున్నాడా? పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటలు నిద్రపోతున్నాడా? హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనతే, ఐరన్ తగ్గినా పిల్లలు చిరాకు పడతారు. ఇంట్లో పెద్దల మధ్య కొట్లాటలుంటే అదీ దాచకండి. వచ్చిన మాటలు పోయినా, ఉన్నట్టుండి చూపు నిలిచిపోయి పలక్కపోయినా రెండు వారాలు ఆగొద్దు. పిల్లల ఎదుగుదల లోపాలను చూసే ప్రభుత్వ జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో (డీఈఐసీ) ఈ పరీక్షలు ఉచితం.

ఈ వయసులో మొదటి చికిత్స మందులు కాదు, తల్లిదండ్రులకిచ్చే శిక్షణ. రోజూ పది నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, వాడు చెప్పిన ఆటే ఆడండి. చెల్లిని మెల్లగా తాకితే "చేత్తో మెత్తగా నిమిరావు, బాగుంది" అని అప్పటికప్పుడే చెప్పండి. కొట్టబోతే చెయ్యి పట్టుకుని "కొట్టకూడదు" అని ఒక్క మాటే అని, ముందు పాపను ఎత్తుకోండి. తర్వాత వాణ్ణి మీకు కనిపించే చోట మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. ఉపన్యాసం వద్దు, వాత పెడతానని బెదిరించొద్దు. "నువ్వు పెద్దోడివి కదా" అని పదే పదే అనడమూ మానేయండి, వాడూ ఇంకా పసివాడే. వాణ్ణి మీరు కొడితే, కోపమొస్తే కొట్టొచ్చనే నేర్చుకుంటాడు, ఇది మీవారికి తప్పక చెప్పండి.

మొదటి వారం అల్లరి ఇంకా పెరగొచ్చు. చాలామంది అక్కడే విసిగి వదిలేస్తారు. మీరూ, మీవారూ, అత్తయ్యా ఒకే పద్ధతి పాటిస్తూ ఆరు వారాలు చూడండి. అప్పటికీ తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యులను కలవాలి. ఈలోగా మీకే తట్టుకోలేనట్టుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.